ఆ ఇఫ్ ఎందుకుందో

సోమవారం

మేనేజరు తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు. మా ఆఫీసులో ఆ తలుపు పడిందంటే ఎవరి మెడ మీదకో కత్తి వచ్చినట్టే. నాదేననుకున్నాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

నాది కాదట. చాంతాడు గారిది.

"పెద్దాయన కాంట్రాక్టు ఈ నెలాఖరుకి అయిపోతోంది మేడమ్. పొడిగించాలా వద్దా అని పైనుంచి అడుగుతున్నారు. కంటి ఆసుపత్రి తరఫున మనం రిమైండర్లు పంపుతాం చూడండి, ఆ ప్రోగ్రాం ఫైలంతా ఆయన రాసిందే. దాన్ని మీరు ఎంత పొట్టిగా రాయగలరో రాసి, ఒక రిపోర్టు ఇవ్వండి. మిగతాది నేను చూసుకుంటా."

"ఆయన్నే తగ్గించమంటే పోయేది కదా సార్?"

"వద్దు వద్దు. ఆయనకి తెలియనివ్వకండి. పాపం, బాధపడతారు."

ఎంత దయో! మనిషిని తీసెయ్యొచ్చు గాని బాధపెట్టకూడదు.

చాంతాడు అన్నది మేమంతా ఆయన వెనకాల పిలుచుకునే పేరు. ఏది రాసినా చాంతాడంత ఉంటుందని. ఎదురుగా అయితే సార్ అంటాం. నేను చేరిన కొత్తలో ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా పని నేర్పింది ఆయనే. ఆ ముక్క మేనేజరుతో అనాలని నోటిదాకా వచ్చింది. అనలేదు. మా ఆయన పోయాక ఇంట్లోకి వచ్చే జీతం నాదొక్కటే. రేపు ఆ తలుపు నాకోసం వేస్తే బుడ్డదాన్ని పెట్టుకుని ఎక్కడికి పోను?

"సరే సార్" అని వచ్చేశాను.

మంగళవారం

ఫైలు తెరిచాను. అమ్మో! మొదలుపెట్టిన చోటికి మళ్లీ వస్తామో రామో తెలియదు.

చేసేది చూస్తే ఇంతే. పేషెంట్ల లిస్టు ఒకటి. అందులో ఒక్కో పేషెంటుకీ ఒక డిక్షనరీ: నంబరు, పేరు, ఫోను, రాబోయే పరీక్ష తేదీ, స్థితి, అంటే ఇంకా వస్తున్నారా మానేశారా అన్నది. మానేస్తే మెసేజీ వెళ్లదు. తేదీ దగ్గరపడినవాళ్లకీ, దాటిపోయినవాళ్లకీ పొద్దున్నే మెసేజీ పంపి, తేదీని ముందుకు జరపాలి. మారేది ఆ ఒక్క గడి. దానికి పెద్దాయన ఏం చేశారూ? ఖాళీ డిక్షనరీ ఇంకొకటి తెరిచి, నంబరు తీసి నంబరులో పెట్టి, పేరు తీసి పేరులో పెట్టి, ఫోను తీసి ఫోనులో పెట్టి, చివరికి ఎప్పుడో తీరిగ్గా తేదీ దగ్గరికొచ్చారు. బొత్తాం ఊడితే చొక్కా మొత్తం విప్పి మళ్లీ కుట్టినట్టు.

అది చాలదన్నట్టు మధ్యలో 'ఇలాగైతే అలా చెయ్' అనే ఇఫ్‌లు. ఈ నంబరైతే మధ్యాహ్నం దాకా ఆగు. ఈ ఫోనుకైతే ఒక్కసారే పంపు. ఇంకొకటి మరీ విడ్డూరం. ఈ నంబరైతే ముట్టుకోకుండా వదిలెయ్. అంతే. ఎందుకు వదిలెయ్యాలో పక్కన ఒక్క ముక్క రాయలేదు.

ఎవరి నంబరో చూద్దామనుకున్నాను. ఈలోపు టీ వచ్చింది. తర్వాత చూస్తాను.

బుధవారం

బుడ్డదానికి జ్వరం. ఆఫీసుకి వెళ్లలేదు. ఫైలు చూడలేదు.

గురువారం

జ్వరం తగ్గింది. నాకే ఒళ్లంతా పచ్చి పుండులా ఉంది. సాయంత్రం వదిన వచ్చింది. మా ఆయనకి అక్క, మా పక్క వాటాలోనే ఉంటుంది. టైలరు కాబట్టి నిద్రలో కూడా మెడలో టేపు ఉంటుందేమోనని అనుమానం.

"ఏంటే మరదలా, మొహం అలా వేలాడేశావ్? ఆఫీసులో ఏం చేయిస్తున్నారు నీచేత?"

"ఒకాయన రాసిన కోడు పొట్టి చేస్తున్నా వదినా."

"అంటే?"

ఇంట్లో ఇన్నేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న. చెప్పాను. "నీ కొలతల డబ్బా ఉందిగా, అది లిస్టు అనుకో. మనిషికొక కార్డు. కార్డు మీద ఛాతీ ఇంత, నడుం ఇంత, పొడుగు ఇంత. ఆ కార్డే డిక్షనరీ. ఎవరో లావయ్యారు, ఏం చేస్తావ్?"

"నడుం కొట్టేసి పక్కన కొత్తది వేస్తా."

"ఈయన కొత్త కార్డు తెచ్చి, అన్నీ మళ్లీ ఎక్కించి, నడుం మార్చి, పాత కార్డు పారేస్తాడు. అందరికీ అంతే. రోజూ అంతే."

పడీపడీ నవ్వింది. "పోన్లే పాపం, తీరికైన మనిషి." తర్వాత దారం కొరుకుతూ అంది, "అయినా నా కార్డుల మీద వేరే సంగతులు కూడా ఉంటాయే. ఈవిడకి ఎడమ భుజం జారుగా ఉంటుందని, ఆయనకి మెడ దగ్గర బిగిస్తే ఊపిరాడదని. పొట్టి చేస్తూ చేస్తూ అలాంటివి కూడా చెరిపేస్తున్నావా ఏంటి?"

"అవసరం లేనివే తీస్తున్నా."

"అవసరం లేదని ఎవరు చెప్పారు?"

ఈవిడతో ఇదే గొడవ. ఏ మాటనీ ఊరికే పోనివ్వదు. అన్నం చల్లారిపోతోందని మాట మార్చాను.

శుక్రవారం

సగం రోజు మట్టిలో కలిసింది. తేదీలు మార్చి కొత్త లిస్టు తయారుచేశాను, చేసి దాన్ని పక్కన పడేసి, కోడులో తర్వాతి మెట్టుకి పాత లిస్టునే అందించాను. ఒక్క తేదీ కూడా మారదేంటని కంప్యూటర్‌ని తిట్టాను, నెట్‌ని తిట్టాను, పెద్దాయన్ని కూడా తిట్టాను. కళ్లద్దాలు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికినట్టయింది. మా ఆయన అలవాటు అది. నేను చూస్తూ నవ్వుతుంటే కూడా తెలిసేది కాదు.

చివరికి కుదిరింది. ఒక్క లైను. ప్రతి డిక్షనరీలోనూ గడులన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచు, తేదీ ఒక్కటీ మార్చు. అంతే! ఎంత ముద్దుగా ఉందో. ఈ మధ్య నన్ను చూసి నేను సంతోషించింది ఇదే.

ఇఫ్‌లు అందులో ఇమడలేదు. నమూనా లిస్టు మీద పాతదీ కొత్తదీ నడిపి చూశాను. రెండింటి ఫలితం ఒక్కటే. అంటే ఇఫ్‌లతో పనేమీ లేదన్నమాట. నమూనా లిస్టులో ఆ నంబర్లు లేవనుకో. అయినా ఒక్కటేగా వచ్చింది.

తీసేశాను.

శనివారం

టీ దగ్గర పెద్దాయన వచ్చి పక్కన నిలబడ్డారు. బిస్కెట్ టీలో ముంచి, సగం విరిగి గ్లాసులో పడితే దాన్ని చూస్తూ అడిగారు.

"అమ్మా, ఆ రిమైండర్ల ఫైలు ఎవరైనా కదుపుతున్నారా?"

"తెలీదు సార్."

"ఎవరైనా కదిపితే ముందు నాకొక్క మాట చెప్పమనమ్మా. అందులో కొన్ని చెప్తే గాని తెలియనివి ఉన్నాయి."

"ఏంటి సార్ అవి?"

నా మొహం వంక చూశారు. ఏదో చెప్పబోయారు. "ఏం లేదులే. పాపకి జ్వరమన్నారు, తగ్గిందా?"

"తగ్గింది సార్."

మొహం మీద చెప్పాను అబద్ధం. నోరు కూడా తడబడలేదు. నాకు పని నేర్పిన మనిషికి నేనే గొయ్యి తవ్వుతూ, ఆయన చేతి బిస్కెట్ తిని వచ్చాను. ఏం చేయను, నాకూ పిల్ల ఉంది. ఆయనకి ఇంకెక్కడో దొరుకుతుంది పని. ఆ వయసులో కూడా దొరుకుతుంది. చాలామందికి దొరుకుతోంది.

ఆదివారం

బట్టలు నానబెట్టి పడుకున్నాను. వదిన ఉతికి ఆరేసింది, నన్ను తిట్టుకుంటూ.

సోమవారం

రిపోర్టు ఇచ్చేశాను. "అనవసరమైన షరతులు అనేకం" అని రాశాను. మేనేజరు ఆ మాట కింద గీత గీసుకున్నాడు.

"సూపర్ మేడమ్! రేపు పొద్దున ఎనిమిదింటికి మీదే నడుపుదాం."

నా సీట్లోంచి చూస్తే పెద్దాయన వీపు కనబడుతుంది. స్వెట్టర్ మోచేతి దగ్గర పోగులు లేచింది. సాయంత్రం దాకా అటు చూడకుండా పని చేశాను. మెచ్చుకుంటే ఎవరికైనా బాగుండాలి. బాగానే ఉంది. బాగానే ఉంది.

మంగళవారం

రాయలేను.

బుధవారం

నిన్న పొద్దున బుడ్డదానికి జడ వేస్తున్నాను. నా ఫోను దాని చేతిలో ఉంది. అదిస్తే గాని తల నిలపదు. టింగుమంది.

"అమ్మా, నాన్నకి మెసేజొచ్చింది."

"కదలకే" అన్నాను. పాయ చేతిలోంచి జారిపోతోంది. అది ఏమందో చెవిన పడలేదు.

"నాన్న పేరేనమ్మా. పక్కన గారు అని కూడా ఉంది. మీ కంటి పరీక్ష తేదీ దాటిపోయింది, దయచేసి త్వరగా రండి అంట."

చేతులు ఆగిపోయాయి.

"అమ్మా, నాన్న రారని వాళ్లకి తెలీదా?"

ఆ మెసేజీ పంపింది నా లైను. నేను ముద్దుగా ఉందని మురిసిపోయిన లైను.

ఆయన ఫోను ఎక్కడ పెట్టేవారో ఆయనకే తెలిసేది కాదు. అందుకని ఆసుపత్రిలో నా నంబరు ఇచ్చారు. "మెసేజీలు పంపేది మీ ఆఫీసేగా. నా పెళ్లాం పంపుతుంది, నా పెళ్లానికే వస్తుంది, నా పెళ్లామే చెవి పట్టుకుని లాక్కెళ్తుంది. నాకేం పనిలేదు" అని అక్కడి వాళ్లందర్నీ నవ్వించారు. కొత్త కళ్లద్దాలు పెట్టుకుని నిండా ఆర్నెల్లు తిరగలేదు. ఒకరోజు తన ఆఫీసు మెట్ల మీద గుండె పట్టుకుని కూర్చున్నారట. మళ్లీ లేవలేదు.

నేను ఏడిస్తే బుడ్డది ఏడ్చింది. అది ఏడిస్తే వదిన గోడ అవతలి నుంచి పరిగెత్తుకొచ్చింది. ఫోను చూసింది. కూలబడిపోయింది.

"ఎవడే పంపించిన దరిద్రుడు? బుద్ధుందా వాడికి?"

"నేనే వదినా."

ఆఫీసుకి వెళ్లి పాత ఫైలు తెరిచి, వదిలెయ్ అన్న ఆ నంబరు ఎవరిదో చూశాను. వారం కిందట టీ వచ్చిందని చూడకుండా వదిలేసిన నంబరు. మా ఆయనది. పాత ఫైలునే మళ్లీ పెట్టేసి, తలనొప్పి అని చెప్పి ఇంటికొచ్చేశాను.

గురువారం

ముందు పెద్దాయన దగ్గరికెళ్లాను. ఏమని మొదలుపెట్టాలో తెలియక ఫోను చేతికిచ్చాను. చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఫైలు మార్చింది నేనే సార్. శనివారం మీరు అడిగితే అబద్ధం చెప్పాను. మీ కాంట్రాక్టు కోసమే రాయించారు ఆ రిపోర్టు."

"తెలుసమ్మా. ఈ వయసుకి ఆ మాత్రం తెలియదా?"

"మరి ఈ ఇఫ్..."

"ఆయన పోయిన కొన్నాళ్లకి, పొద్దున వెళ్లాల్సిన మెసేజీలు చూస్తుంటే నీ నంబరు కనబడింది. పైన ఆయన పేరు. చేతులాడలేదు నాకు. గబగబా ఆపేశాను."

"ఆసుపత్రికి చెప్తే స్థితి మార్చేవాళ్లుగా?"

"చెప్పాను. ఇంట్లోవాళ్లు చెప్తేనే మారుస్తామన్నారు. నిన్ను ఎలా అడగనమ్మా? నీకు ఓపిక వచ్చినప్పుడు నువ్వే చెప్తావు, అప్పటిదాకా ఇది కాపలా ఉంటుందిలే అనుకున్నా."

"పక్కన ఒక్క ముక్క రాసి ఉంటే ముట్టుకునేదాన్నే కాదు సార్."

"ఏమని రాయను? ఆ ఫైలు నువ్వు కూడా తెరుస్తావుగా."

సిగ్గుతో చచ్చిపోయాను. ఏడాదిగా ప్రతి పొద్దునా ఈ మనిషి రాసిన ముక్క నన్ను కాస్తూ వస్తే, దాన్ని నేను అనవసరమని తీసేశాను. పైగా చాంతాడని నవ్వాను.

ఇద్దరం మేనేజరు గదికి వెళ్లాం. ఈసారి తలుపు నేనే వేశాను.

"సారీ మేడమ్, నిజంగా సారీ" అన్నాడు విని. కుర్రాడు చెడ్డవాడేం కాదు, మొహం పాలిపోయింది. "నిన్న ఆసుపత్రి నుంచి కూడా ఫోనొచ్చింది. ఎవరో వాచ్‌మన్, రాత్రంతా డ్యూటీ చేసి పడుకుంటే మెసేజీతో లేపారని వాళ్లని అమ్మనాబూతులు తిట్టాడట."

"మధ్యాహ్నం దాకా ఆగు అన్నది ఆయన కోసమే" అన్నారు పెద్దాయన మెల్లగా.

"అదీ నేనే తీసేశాను" అన్నాను.

మేనేజరు పెద్దాయన వైపు తిరిగాడు. "కానీ సార్, ఏమీ అనుకోకండి. ఇలాంటివన్నీ మీ ఒక్కరి బుర్రలో ఉంటే ఎలా? రేపు మీరు లేకపోతే ఎవరికి తెలుస్తుంది?"

కాదనడానికి లేదు.

"అందుకే ఆయన్ని ఉంచమంటున్నా" అన్నాను. నా గొంతేనా అనిపించింది. "నా రిపోర్టు తప్పు సార్. ఒక్కటి కూడా కనుక్కోకుండా అనవసరం అని రాశాను. వెనక్కి తీసుకుంటున్నా."

"పైకి పంపించేశానే!"

"ఇంకొకటి రాసిస్తా. అదీ పంపండి. నా మీద కోపం వస్తే నా మీదే రానివ్వండి."

బయటికొచ్చాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో.

శుక్రవారం

పెద్దాయన పక్కన కూర్చుని రెండో రిపోర్టు రాశాను. ఒక్కో ఇఫ్ దగ్గరా వేలు పెట్టి ఎందుకని అడిగాను. ఒక్కసారే పంపమన్న ఫోను, ముగ్గురు పిల్లల్ని ఒకేసారి చూపించే తల్లిదట. మూడుసార్లు మోగితే ఎవరికేమైందోనని హడలిపోయేదట. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను గాని, ఇవన్నీ ముందే అడిగితే ఒక్క పూట పని.

సాయంత్రం వదినకి చెప్పాను.

"మా తమ్ముడి కార్డు నేను అప్పుడే తీసేశానే" అంది. "వాడు పోయిన కొత్తలో, ఎవరిదో చొక్కా కోస్తూ, చూసుకోకుండా వాడి కొలతలు పెట్టేశా. గుడ్డ పాడైంది. ఆ రోజంతా ఏడ్చి, కార్డు తీసి బీరువాలో దాచుకున్నా. డబ్బాలో ఉంచితే చెయ్యి ఊరుకోదు, మళ్లీ కోసేస్తుంది. మరి నువ్వు? ఆసుపత్రికి చెప్పలేదా?"

"చెప్పాననే అనుకున్నా."

"అనుకున్నావా, చెప్పావా?"

"చెప్పలేదు."

బ్యాంకు, కరెంటు, ఆయన ఆఫీసు, అన్నిచోట్లా నేనే తిరిగి అన్నీ మార్పించాను. గట్టి పిల్ల అన్నారందరూ. ఇదొక్కటే మర్చిపోయాను. అలాగే అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది, మర్చిపోలేదు. ఎక్కడో ఒక్కచోటైనా ఆయన ఇంకా రావాల్సిన మనిషిగా ఉండాలనిపించింది. ఆయన లేరన్న మాట నా నోటితో ఇంకోసారి చెప్పే ఓపిక లేకపోయింది.

శనివారం

ఆసుపత్రికి ఫోన్ చేశాను. కౌంటర్లో అమ్మాయి ఎత్తింది.

"పేషెంటు నంబరు చెప్పండి."

చూడకుండా చెప్పాను. వచ్చేసింది.

"ఏం మార్చాలండీ?"

"స్థితి."

"వేరే ఊరు వెళ్లిపోయారా, లేక వేరే డాక్టర్ దగ్గరికి మారారా అండీ?"

"చనిపోయారు."



"అయ్యో... ఎప్పుడండీ?"

"పోయినేడు."

"మారుస్తున్నానండీ. మిగతా వివరాలు ఉంచమంటారా, తీసేయమంటారా?"

"ఉంచండి. అదొక్కటే మార్చండి."

ఫోను పెట్టేసి, బియ్యం కడిగి, పొయ్యి మీద పెట్టాను. తర్వాత వంటింటి గడపలోనే కూర్చుండిపోయాను. వదిన వచ్చి పొయ్యి కట్టేసింది.

సోమవారం

మేనేజరు తలుపు తీసి ఉంచే చెప్పాడు. పెద్దాయనకి ఏడాది పొడిగించారట. ప్రతి ఇఫ్ పక్కనా కారణం రాయాలని షరతు. మధ్యాహ్నానికల్లా రాసేశారు, ఒక్కో కారణం చాంతాడంత! నవ్వొచ్చింది. ఎదురుగానే నవ్వాను. ఆయనా నవ్వారు. నన్ను కూడా ఎవరూ ఏమీ అనలేదు, ఇప్పటికైతే.

ఫైల్లో ఇప్పుడు నా లైను ఉంది, దాని ముందు ఆయన ఇఫ్‌లు ఉన్నాయి.

ఆసుపత్రి నుంచి కొత్త లిస్టు వచ్చింది. ఆయన డిక్షనరీ తెరిచాను. స్థితి మారింది. మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టే. పేరు ఆయనదే. ఫోను నంబరు నాదే.

పెద్దాయన వెనక నిలబడ్డారు. "ఇంక ఆ ఇఫ్‌తో పని లేదమ్మా. తీసెయ్."

"మీరే తీయండి సార్."

కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఒక్కో అక్షరం వెనక్కి చెరుపుతూ వెళ్లారు. మొత్తం పట్టి ఒకేసారి తీయొచ్చని ఆయనకి తెలుసు. నేనూ గుర్తుచేయలేదు.

ఇంటికొచ్చాక బుడ్డదాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆ రోజు అది అడిగిన దానికి ఇంతవరకూ జవాబు చెప్పలేదు.

"నాన్న రారని వాళ్లకి తెలిసిందమ్మా" అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పాను."